చప్టా మీద సగం లోడు

తుఫాను వెళ్ళిపోయిన మర్నాడు పొద్దున్నే ట్యాంకర్ల ఓనరు దగ్గర్నుంచి ఫోను వచ్చింది. ఫోను మోగితే చాలు, నా చెయ్యి గుండె మీదికి పోతుంది. ఆ పూటా అంతే.

"ఎవరికేమైందే?" అన్నాను.

"ఎవరికీ ఏమీ కాలేదమ్మా! నన్ను బండి తియ్యమంటున్నాడు!" అంది మా అమ్మాయి. అంటూనే చెప్పులు వెతకడం మొదలుపెట్టింది. ఒక చెప్పు దొరికింది. రెండోది దొరికేలోపు ఇల్లంతా రెండుసార్లు తిరిగింది.

ఒక్కచోట నిలవదు కనుక చిన్నప్పటినుంచీ దాన్ని బొంగరం అంటాం. మా ఆయన పెట్రోలు ట్యాంకరు డ్రైవరు. నడుం పాడై ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఊరికే కూర్చోకుండా తన విద్యంతా కూతురి చేతిలో పెట్టాడు. అది పెద్ద బండి లైసెన్సు తెచ్చుకుంది, మంటలంటుకునే సరుకు మోయడానికి పరీక్ష రాసింది, పాసైంది. ఆయన పనిచేసిన ఓనరే దాన్ని చేర్చుకున్నాడు. చేర్చుకున్నాడే గానీ రోడ్డెక్కనివ్వలేదు. యార్డులో బండ్లు ముందుకీ వెనక్కీ జరపడం, చక్రాలు కడగడం, అంతే. అది కుమిలిపోయేది. నేను మాత్రం హాయిగా ఉండేదాన్ని. యార్డులో బండి మనిషి నడిచినంత మెల్లగా పోతుంది. ఎదురుగా ఏ లారీ రాదు.

ఇప్పుడు రోడ్డు! అదీ ఇలాంటి రోజున!

మా ఊరి సంగతి చెప్పాలి. గాలివాన వస్తోందని రేడియోలో చెప్పగానే జనమంతా బంకుల మీద పడ్డారు. స్కూటరు ఉన్నవాడు స్కూటరుతో, లేనివాడు డబ్బాతో. ఇస్త్రీ చొక్కా మీద చుక్క నీరు పడనివ్వని పక్కింటాయన కూడా బకెట్టు పట్టుకొని వానలో నిలబడ్డాడు. గాలి మొదలవకముందే బంకులు ఖాళీ. తర్వాత రేవు మూసేశారు. పెట్రోలు తెచ్చిన ఓడ ఒడ్డుకు రాలేక సముద్రంలోనే నిలబడింది. రేవు పక్కనున్న డిపోలో మోకాలి లోతు నీళ్ళు. ఇక ఎక్కడో పైనున్న డిపో నుంచి లారీల మీద రావాలి. దూరం పెరిగితే కిరాయి పెరుగుతుంది, కిరాయి పెరిగితే ధర పెరుగుతుంది. బంకు బోర్డు మీద అంకె మారింది, కానీ ఆ అంకెకు అమ్మడానికి లోపల చుక్క లేదు. అదను చూసి రోడ్డు పక్కన సీసాల్లో పెట్రోలు అమ్మేవాళ్ళు బయల్దేరారు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు.

ఓనరు గొంతు ఫోనులోంచి మా అందరికీ వినబడింది.

"ట్యాంకరు నడిపే మీసాలాయన వరద అవతల చిక్కుకుపోయాడు. వేరే డ్రైవరు లేడు. ఈ ఒక్క ట్రిప్పు నీకిస్తున్నా. సీలు చెక్కు చెదరకుండా లోడు మన బంకులో దింపావా, ఇకనుంచి ఆ బండి నీది. ఏదైనా తేడా వచ్చిందో, మళ్ళీ యార్డే. ఇక రోడ్డు మాట నా దగ్గర ఎత్తకు."

"సరే సార్!" అంది బొంగరం.

"క్లీనరు కూడా రాలేదు. పక్కన ఒక మనిషి ఉండాలి. రూలు. ఎవరినైనా చూసుకో."

"మా అమ్మ వస్తుంది సార్!"

నేను వస్తానని ఎవరన్నారు? కానీ కాదనడానికి నోరు తెరిచేలోపే నా కళ్ళ ముందు బండి పల్టీ కొట్టింది, వాగులో పడింది, లైటుస్తంభానికి గుద్దుకుంది. వీటన్నిట్లో నేను పక్కన లేకపోతే ఎలా? సంచీలో బ్రెడ్డు, దుప్పటి, కట్టు కట్టే గుడ్డ, టార్చిలైటు వేసుకొని బయల్దేరాను.

"ఏమండీ, మేం తిరిగి రాకపోతే," అని మొదలుపెట్టాను.

"మధ్యాహ్నం అన్నం నేనే వండుకుంటాలే," అన్నాడు మా ఆయన. ఆ మనిషికి కూతురి మీద అంత ధీమా. దాన్ని దగ్గరికి పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. ఏం చెప్పాడని దారంతా అడిగాను. "నువ్వు భయపడితే కిటికీ అద్దం దించమన్నారు, గాలి తగిలితే మాట్లాడవట!" అని నవ్వింది.

పోయేటప్పుడు ఖాళీ బండి. పెద్ద వంతెన స్తంభం కదిలిందని మూసేశారు కనుక పాత దారే గతి. ఆ దారిలో వాగుకు వంతెన లేదు, చప్టా ఉంది. అంటే రోడ్డే వాగులోకి దిగి, అవతలి ఒడ్డున ఎక్కుతుంది. నీళ్ళెక్కువైతే రోడ్డు మీదనుంచే పారతాయి. మేం వెళ్ళేటప్పుడు నీళ్ళు అంచుకు తగులుతూ పోతున్నాయి. రోడ్డు మాత్రం తేలే ఉంది. నేను కళ్ళు మూసుకున్నాను.

"దాటేశాం, తెరువు," అంది అది.

"తిరిగి రావద్దా?"

"వచ్చేటప్పుడు మళ్ళీ మూసుకో."

దారంతా చెట్లు పడి ఉన్నాయి. కోసి పక్కకు లాగిన కొమ్మల మధ్య ట్యాంకరు పట్టేంత సందు ఉందో లేదో అన్నట్టుండేది. దాని చేతులు చూశాను. స్టీరింగు మీద తేలిగ్గా ఉన్నాయి, పిండి కలుపుతున్నట్టు. అద్దం చూడ్డం, కొమ్మ చూడ్డం, మళ్ళీ అద్దం. కాసేపు నేను భయపడటం మర్చిపోయాను. గుర్తొచ్చాక రెండింతలు భయపడ్డాను.

డిపో గేటు దగ్గర నన్ను దింపేశారు. పని ఉన్న డ్రైవరు తప్ప ఇంకెవరూ లోపలికి పోకూడదు. ఫోన్లు కూడా గేటు బయటే. అది తన ఫోను నా చేతిలో పెట్టి లోపలికి పోయింది. బయట ట్యాంకర్ల వరుస చూస్తే రైలుబండిలా ఉంది. నేను గేటు ఎదురుగా టీ బల్ల మీద కూర్చున్నాను. అక్కడ డ్రైవర్లంతా ఒకటే మాట: అడిగినంత ఇవ్వట్లేదు, బండికి సగమే.

ఆ 'సగం' అన్న మాట నా గుండెల్లో రాయిలా పడింది. "సగం పోస్తే ఏమవుతుంది నాయనా?" అని పక్కనున్న డ్రైవర్ని అడిగాను.

"ఏమీ కాదు పెద్దమ్మా. బండి తేలికవుతుంది. తేలిక బండిని నీళ్ళు నెడతాయి. మూత పెట్టిన ఖాళీ డబ్బా వాగులో తేలదూ? అలాగే." అంటూ ఆయన బిస్కట్టు టీలో ముంచుకున్నాడు.

ఇది విన్నాక ఏ తల్లి ఊరుకుంటుంది? సరిగ్గా అప్పుడే మా చెల్లెలు ఫోను చేసింది. దానికి ఊళ్ళో ఇస్త్రీ కొట్టు ఉంది. ఊరందరి చొక్కాలూ దాని దగ్గరే, ఊరందరి కబుర్లూ దాని దగ్గరే.

"అక్కా, బంకు ముందు జనం పోగయ్యారే. నిజంగా బండి వస్తుందా?"

"వస్తుందే. పాత రోడ్డున, చప్టా మీదుగా వస్తున్నాం. భోజనాల వేళకి చప్టా దగ్గరుంటాం. మాకేమైనా అయితే ఎక్కడ వెతకాలో ఒకరికైనా తెలియాలి కదా. అందుకని నీకు చెప్తున్నా. ఎవరికీ చెప్పకు."

"చచ్చినా చెప్పను!" అంది మా చెల్లెలు.

ట్యాంకరు గేటు దాటి వచ్చింది. నాలుగు గదులున్న ట్యాంకరులో రెండు గదులే నింపారు. ముందువి రెండూ నింపుతామంటే, బొంగరం అడ్డుపడి ముందొకటి, వెనకొకటి పోయించుకుందట. అలాగైతే బరువు అన్ని చక్రాల మీదా పడుతుందని. పైన మూతలకీ, వెనక సరుకు దింపే తూములకీ తీగ సీళ్ళు వేశారు. ఆ తీగ తెగిందంటే మధ్యలో ఎవరో సరుకు తీశారనో కల్తీ చేశారనో లెక్క. బంకువాడు పైపు కూడా తగిలించనివ్వడు. లోడంతా వెనక్కి.

"చూశావా అమ్మా నా సీళ్ళు!" అంది, కొత్త గాజులు చూపించినట్టు.

నేను నోరు మూసుకొని ఎక్కాను. సంగతి చెప్పలేదు. చెల్లెలు చచ్చినా చెప్పనంది కదా.

చప్టా దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు రోడ్డెక్కాయి! పలచగా, గోధుమరంగులో, అటునుంచి ఇటు జారిపోతున్నాయి. ఒడ్డున విజిలు మెళ్ళో వేసుకున్న వాగు కాపలా మనిషి నిలబడి ఉన్నాడు. చెయ్యెత్తి ఆపాడు.

"ఏం బండి?"

"పెట్రోలు!" అంది బొంగరం.

ఆయన మొహం వెలిగిపోయింది. నీటికొలత కర్ర వైపు చూశాడు. "ఇప్పటికైతే చీలమండ లోతే. చక్రం సగం కూడా తడవదు. కానీ పైన చెరువు గేట్లు ఎత్తుతున్నారు. పోతే ఇప్పుడే పో. మధ్యలో మాత్రం ఆగకు. మీరు దాటగానే రోడ్డుకు అడ్డంగా గొలుసు కట్టేస్తా."

"ఆగను!"

"అమ్మా, ఆలోచించవే," అన్నాను.

"ఆలోచించే లోపల గేట్లెత్తుతారు," అని గేరు వేసింది.

బండి మెల్లగా దిగింది. చక్రాల కింద నీళ్ళ చప్పుడు. నేను కళ్ళు మూసుకోలేదు. మూసుకుంటే బండి తేలడం ఎవరు చూస్తారు? కుడివైపు నుంచి నీళ్ళు బండిని తోస్తున్నాయి. ఎడమ అంచు ఒకచోట కొట్టుకుపోయి రాళ్ళు బయటపడ్డాయి. అది కుడివైపుకే ఒత్తి, ఒకే వేగంతో, ఊపిరి కూడా తీయనట్టు నడిపింది. సగం దాటాం. ఇంకాస్త. అవతల రోడ్డు ఒడ్డెక్కే ఎక్కుడు కనబడింది.

ఆ ఎక్కుడు నిండా జనం!

స్కూటర్లు, మోటారు సైకిళ్ళు, కార్లు, ఒక ఐస్‌క్రీము బండి. రోడ్డు ఈ చివరినుంచి ఆ చివరి దాకా. డబ్బాలు ఊపుతున్నారు, ఈలలు వేస్తున్నారు. ట్యాంకరు కనబడగానే "వచ్చింది! వచ్చింది!" అని అరుపులు. కొందరు నీళ్ళలోకి దిగి మా మీదికే పరుగెత్తుకొచ్చారు.

బొంగరం బ్రేకు వేసింది. ముందు చక్రాలు ఎక్కుడు మొదట్లో, మిగతా బండంతా నీళ్ళలో. ఆగకూడదన్న చోటే ఆగాం.

"వీళ్ళకెలా తెలిసింది?" అంది అది. పొద్దుట్నుంచీ మొదటిసారి దాని గొంతులో వణుకు విన్నాను. "ఈ దారిన వస్తున్నామని ఓనరుకు తప్ప ఎవరికీ తెలీదే!"

నేను సంచీలో టార్చిలైటు వెతకడం మొదలుపెట్టాను.

హారను కొట్టింది. ఆ హారనుకు జనం ఇంకా సంబరపడ్డారు. కిటికీ దగ్గరికి ఒక పొట్టాయన వచ్చాడు. "చెల్లెమ్మా, ఒక్క సీసా! ఎంతైనా ఇస్తా!"

"ఇక్కడ తీయకూడదన్నా! సీలు ఉంది. బంకుకు రండి!"

"బంకు దాకా రావడానికి నా బండిలో లేదు! ఉన్నదంతా ఇక్కడికి రావడానికే అయిపోయింది!"

వెనక ఎవరో అరిచారు, "నాదీ అంతే!" "నాదీ!" సగం జనం పెట్రోలు కోసం వచ్చి పెట్రోలు అయిపోయి నిలబడ్డారు.

బొంగరం అద్దంలోకి చూసి కేక పెట్టింది. "ఏయ్! తూము మీద చెయ్యి తియ్యి!" ఎవడో మోకాలి దాకా ప్యాంటు మడుచుకొని వెనక్కి పోయి సీలు తీగను వేలితో మీటి చూస్తున్నాడు. దిగుదామంటే అది స్టీరింగు వదలడానికి లేదు. బ్రేకు మీదనుంచి కాలు తీయడానికి లేదు. నీళ్ళు ఇందాకటికన్నా ముదురు రంగులో వస్తున్నాయి. చక్రం బోల్టులు ఒక్కొక్కటే మునుగుతున్నాయి.

ఇదంతా చాలదన్నట్టు ముందు ఒకడు, తెల్లచొక్కావాడు, జేబులోంచి సిగరెట్టు తీసి నోట్లో పెట్టుకున్నాడు.

నాకేమైందో తెలియదు. తలుపు తీసి మెట్టు మీద నిలబడ్డాను. నా జీవితంలో పదిమంది ముందు నోరెత్తి ఎరగను. కానీ జరగబోయే చెడ్డ చెప్పమంటే నాకు ఎవరి సాయమూ అక్కర్లేదు.

"ఒరే తెల్లచొక్కా!" అని అరిచాను. "అది ముట్టించరా! ముట్టించు! నీ చెప్పు ఒకటి ఈ ఒడ్డున పడుతుంది, రెండోది ఆ ఒడ్డున పడుతుంది! నీ మధ్యభాగం ఎక్కడ పడుతుందో మీ ఆవిడకి ఎవరు చెప్పాలి?"

వాడి నోట్లోంచి సిగరెట్టు నీళ్ళలో పడింది.

"ఆ పక్కనున్న నీలం స్కూటరు! నవ్వుతున్నావా? ఈ బండి కింద నీళ్ళు చూశావా? పైన గేట్లెత్తారు! ఖాళీ గదులున్న బండి ఇది, తేలుతుంది! తేలి అడ్డం తిరిగి మీ మీదికే వస్తుంది! ముందు నువ్వు, నీ మీద స్కూటరు, స్కూటరు మీద ఐస్‌క్రీము బండి! తీసేటప్పుడు ఎవరి కాలు ఎవరిదో తేల్చుకోవడానికి వారం పడుతుంది!"

ఈలలు ఆగిపోయాయి. ఐస్‌క్రీమాయన తన బండి బ్రేకు మీద చెయ్యి వేశాడు.

"ఆ తూము దగ్గర ఉన్నాయన! తెంపు బాబూ, ఆ తీగ తెంపు! తెగిందంటే ఈ లోడు ఊళ్ళో ఎవడూ దింపుకోడు. మళ్ళీ ఈ నీళ్ళమీదుగానే వెనక్కి పోవాలి, ఒక్క చుక్క మీకు రాదు! తర్వాత ఊరు ఊరంతా నీ ఇంటి ముందు డబ్బాలతో కూర్చుంటుంది! నీ మొహం నేను చూశాను, నాకు నిద్రలో కూడా గుర్తుంటుంది, నాకు నిద్రే రాదు కాబట్టి ఎప్పుడూ గుర్తుంటుంది!"

"తియ్యరా చెయ్యి!" అని జనమే వాడి మీద విరుచుకుపడ్డారు. ఇద్దరు వెళ్ళి వాణ్ణి రెక్క పట్టుకొని ఒడ్డుకు లాక్కొచ్చారు.

అప్పుడు ఎవరో నీళ్ళ వైపు చూశారు. నిజంగా చూశారు. "అరే, పెరుగుతున్నాయిరోయ్!" అన్నారు. అంతే! ఒక్కసారి భయం అంటుకుందంటే అది పెట్రోలు కన్నా వేగంగా పాకుతుంది. అందరూ వెనక్కి తిరగబోయారు. తిరగడానికి చోటేది? ముందువాడు తిరగాలంటే వెనకవాడు పోవాలి. వెనకవాడికి ముందేం జరుగుతోందో తెలియదు, వాడింకా ఈల వేస్తున్నాడు.

"చివరివాళ్ళు ముందు!" అని అరిచాను. "చివరి కారు! ఎర్ర కారు! నీకే! కదలవయ్యా, ఇక్కడ చావు ముంచుకొస్తోంది!"

ఆ మాట నోటినుంచి నోటికి పాకుతూ ఎక్కుడు పైకి పోయింది. చివర్లో ఎర్ర కారు కదిలింది. దాని వెనక ఇంకొకటి. పెట్రోలు అయిపోయిన బండ్లను తోయడం మొదలుపెట్టారు. పొట్టాయన తన స్కూటరును పక్క గట్టు మీదికి తోసి, తిరిగొచ్చి ఐస్‌క్రీము బండికి భుజం పెట్టాడు. రోడ్డుకు అడ్డంగా ఒక పాత కారు చచ్చి పడి ఉంది. ఎవరిదో తెలియదు, అడిగే తీరిక లేదు. తెల్లచొక్కా, ఇంకో పదిమంది పట్టుకొని ఊపి ఊపి దాన్ని పక్కకు జరిపారు. "హైలెస్సా!" అంటే "హైలెస్సా!" బండి పట్టేంత సందు వచ్చింది.

"ఎక్కమ్మా!" అని బొంగరం అరిచింది. నేను ఎక్కానో, అదే నన్ను చెయ్యి పట్టి లాగిందో. బండి గుర్రుమంది. వెనక చక్రాలు ఒకసారి జారాయి. నా ప్రాణం కూడా వాటితో జారింది. మళ్ళీ పట్టుకున్నాయి. నీళ్ళు కారుతూ ట్యాంకరు ఒడ్డెక్కింది. జనం చప్పట్లు కొట్టారు. అద్దంలో చూస్తే మేం ఆగిన చోట రోడ్డు కనబడట్లేదు. అవతలి ఒడ్డున విజిలాయన గొలుసు కడుతూ మా వైపు రెండు చేతులూ ఊపుతున్నాడు.

"అమ్మా," అంది బొంగరం, ఊపిరి ఎగపోస్తూ, "నువ్వు ఇంట్లో మమ్మల్ని భయపెట్టింది ఏ మూలకీ రాదే! ఇన్నాళ్ళూ మా మీద దయ చూపించావన్నమాట!"

ఊరి వైపు ఊరేగింపులా పోయాం. ముందు ట్యాంకరు, వెనక నడిచేవాళ్ళు, తోసేవాళ్ళు, తాడు కట్టి లాగించుకునేవాళ్ళు. దారిలో చెట్టు కింద సీసాలవాడు కూర్చున్నాడు. పొద్దున వెళ్ళేటప్పుడు బంకు ధరకు మూడింతలు చెప్పినవాడే. ట్యాంకరును చూసి లేచి నిలబడ్డాడు. "రెండింతలకే!" అన్నాడు. మేం ఎదురుగా వచ్చాం. "ఒకటిన్నర!" బండి వాణ్ణి దాటింది. వెనక్కి తిరిగి చూస్తే వాడు మా వెంట పరుగెడుతున్నాడు, చేతిలో సీసాతో. "బంకు ధరే! అక్కా, బంకు ధరే!" అని నడిచేవాళ్ళని బతిమాలుతున్నాడు. ఒక్కరూ వాడి మొహం చూడలేదు. బొంగరం స్టీరింగు మీద కొట్టి కొట్టి నవ్వింది. "రెండు చేతులతో పట్టుకోవే!" అని నేను అరిచాను.

బంకు ముందు వరుస వీధి మలుపు దాటి పోయింది. బంకు మేనేజరు ఒక్కొక్క సీలూ చేత్తో తడిమి చూశాడు. "అన్నీ బాగున్నాయి," అన్నాడు. భూమిలో ఉన్న ట్యాంకులోకి వాననీరు చేరలేదని ముందే కర్ర ముంచి చూసుకున్నాడట. పైపు తగిలించారు. వరుసలో ఒకాయన బోర్డు చూసి, "ధర తగ్గలేదేమిటండీ?" అన్నాడు.

"దూరం నుంచి రావద్దూ! రేవు తెరిచి ఓడ ఒడ్డుకొస్తే తగ్గుతుంది," అన్నాడు మేనేజరు. "అప్పటిదాకా బండికి ఇంతే అని పోస్తాం. డబ్బాలకు పోసేది లేదు."

"పోస్తే చాలు నాయనా," అన్నాడు ఆయన.

అప్పుడు చూశాను, ఆఫీసు గది గుమ్మంలో ఓనరు. పక్కన మీసాలాయన! వరద కాస్త తీయగానే పడవ పట్టుకొని వచ్చాడట. మీసాలు ఇంకా తడిగానే ఉన్నాయి.

నేను ఓనరు మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన మొహం మాడిన కుండలా ఉంది.

"చప్టా దగ్గర జనం అడ్డం పడ్డారట. నిజమేనా?"

"నిజమే సార్. దాటించాం."

"దాటించడం సరే. ఏ దారిన వస్తున్నావో వాళ్ళకెలా తెలిసింది? పెట్రోలు బండి దారి ముందుగా చాటుకుంటారా? రేపు ఇంకో చోట ఇంకొకరు అడ్డం పడితే? అందుకే కొత్తవాళ్ళకి ఇవ్వనన్నాను." చెయ్యి చాపాడు. "తాళం మీసాలాయనకియ్యి. రెండో లోడు అతను తెస్తాడు. నువ్వు యార్డు చూసుకో."

బొంగరం ఒక అడుగు ముందుకేసింది. "నేను ఎవరికీ చెప్పలేదు సార్," అంది. ఆయన వినిపించుకోలేదు. దాని చేతిలో తాళం ఉంది. ఆ చెయ్యి చాచడానికి లేవట్లేదు.

ఒక్క క్షణం నాకు ఎంత హాయిగా అనిపించిందో! నేను నోరు మూసుకుంటే చాలు. యార్డు. చక్రాలు కడగడం. ఎదురుగా ఏ లారీ రాదు, కింద ఏ వాగూ ఉండదు. రాత్రిళ్ళు కిటికీ దగ్గర నిలబడక్కర్లేదు. అన్నం తిని పడుకోవచ్చు. నేను ఏమీ చేయనక్కర్లేదు. ఊరికే నిలబడితే చాలు.

దాని మొహం చూశాను. పొద్దున చెప్పుల కోసం ఇల్లంతా తిరిగిన మొహం కాదది.

"నేను చెప్పాను," అన్నాను.

ఓనరు నా వైపు తిరిగాడు.

"నేనే మా చెల్లెలికి ఫోనులో చెప్పాను. దారి, వేళ, అన్నీ. ఇది లోపల డిపోలో ఉంది, దీని ఫోను కూడా నా దగ్గరే ఉంది. దీనికి ఏమీ తెలియదు. చస్తే వెతకడానికి వీలుగా ఉంటుందని చెప్పాను."

"చస్తేనా?" అన్నాడు ఓనరు.

"మా చెల్లెలు ఎవరికీ చెప్పనంది. ఊరికి చెప్పింది. తప్పు నాది. దాని చెయ్యి మీద మాత్రం తప్పు లేదు. నీళ్ళలో ఆ బండిని ఎలా పట్టుకుందో నేను చూశాను. నేను పుట్టి బుద్ధెరిగి కళ్ళు తెరిచి చూసింది అదొక్కటే. మీరు లోడు ఇవ్వకపోతే నాకు మంచిదే, నేను నిద్రపోతాను. కానీ అది న్యాయం కాదు."

బొంగరం నా వైపు నోరు తెరుచుకొని చూస్తోంది. కోపమో, నవ్వో, రెండూ ఒకేసారి వచ్చినట్టున్నాయి. "అమ్మా! నువ్వా!" అంది.

మీసాలాయన మీసం పిండుకుంటూ దాన్ని అడిగాడు, "చప్టా మీద ఏ పక్క పట్టావు?"

"కుడి పక్కే బాబాయ్. ఎడమ అంచు కొట్టుకుపోయింది, మధ్యకు కాస్త ముందు. రాళ్ళు బయటపడ్డాయి."

ఆయన ఓనరు వైపు తిరిగాడు. "నాకు అలవాటు ఎడమ పక్క పట్టుకొని పోవడం. ఇవాళ కొత్తవాణ్ణి నేనే. నీళ్ళు తీయగానే దాన్నే పంపించండి. నేను పక్కన కూర్చుంటా."

ఓనరు ఒకసారి వరుస చూశాడు, ఒకసారి బోర్డు చూశాడు, ఒకసారి నన్ను చూశాడు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకొని జేబులో పెట్టుకున్నాడు. "వాగు దగ్గర గొలుసు తీశారని కబురు రాగానే బయల్దేరు. బండి నీదే అన్నాను కదా, మళ్ళీ మళ్ళీ చెప్పించకు. ఈవిడ మాత్రం ఎక్కడానికి వీల్లేదు."

"ఎక్కను," అన్నాను. ఇక ఎక్కడానికి సీటేది?

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే కబురొచ్చింది. ట్యాంకరు బంకులోంచి వెనక్కి మళ్ళుతుంటే వరుసలో జనం పక్కకు జరిగి దారిచ్చారు. ఎవరో ఈల వేశారు. పైన కిటికీలోంచి బొంగరం నాకు చెయ్యి ఊపింది. ఇంటికి పోయి పడుకోమంది.

"పడుకోవడమా!" అన్నాను. బండి పక్కనే నడిచాను, తర్వాత పరుగెత్తాను. "బ్రేకు చూసుకో! కొమ్మలు చూసుకో! చీకటి పడితే అక్కడే ఆగిపో! ఎవడైనా సిగరెట్టు తీస్తే నా మాటలు చెప్పు, అన్నీ గుర్తున్నాయా?"

"అన్నీ గుర్తున్నాయే! ఎలా మర్చిపోతా!"

మీసాలాయన అటువైపు కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

"వదినా, ఎందుకంత కంగారు? పక్కన నేనున్నాను కదా!"

"అదేనయ్యా నా భయం! ఎడమ పక్కకి లాగమని దానికి చెప్పకు!" అని అరిచాను.

వరుసంతా గొల్లుమంది. బండి మలుపు తిరిగింది. మలుపు దగ్గర అది వేగం తగ్గించి, అద్దం చూసి, జాగ్రత్తగానే తిప్పింది. అది నేను చూశాను.